చింతపండుతో తోమిన కత్తి

“ఎవరు తోమారు దీన్ని?”

అడిగాడు సుధాకరరావు, వంగి చూస్తూ. బల్ల మీద పిడి ఊడదీసిన జపాన్ కత్తి ఉంది. పిడిలో దాగి ఉండాల్సిన దాని మొదలు కొత్త గరిటెలా తళతళలాడుతోంది.

“నేనే సారూ,” అంది పనిమనిషి గౌరవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “ఎల్లుండి జపాన్ సారు వస్తుండని అయ్య పిడి ఊడదీసి పెట్టిండు. తుప్పు వట్టి నల్లగుండె. ఇజ్జత్ పోతదని ఇంత చింతపండు పెట్టి రుద్దిన. రెండు రుద్దులకే పోయింది.”

“చింతపండు ముందు ఏ తుప్పాగుతుందిలే,” అన్నాడు సుధాకరరావు నీరసంగా.

ముజఫ్ఫర్ అలీ తల పట్టుకున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి దోహాలో స్థిరపడ్డ వ్యాపారి. అల్ ఘర్రాఫాలోని ఆయన విల్లా నిండా పాత కత్తులే. వాటికి వయసు కట్టేది సుధాకరరావు. ఈ కత్తిని కొన్నది కూడా ఆయన మాట మీదే.

“రావుగారూ, ఇప్పుడెట్ల?”

“ఏముందండీ! ఏడొందల ఏళ్ళ నాటి కమ్మరి పేరు ఆ మొదలు మీదే ఉంది. అది ఆయన చెక్కిందో, తర్వాత ఇంకెవరైనా చెక్కారో చెప్పేది ఆ గీతల్లోని తుప్పే. జపాన్‌లో దాని జోలికే పోరు. ఇక ఎల్లుండి ఆ జపాన్ నిపుణుడు వచ్చినా తేల్చలేడు.”

నిపుణుడు వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ సుధాకరరావుకు కంటి మీద కునుకు లేదు. ఇన్నేళ్ళ పరువు పరాయివాడి ఒక్కమాట మీద వేలాడుతుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

“యల్లా, సామాను సర్దుకో! ఊరికి పో!” అలీ గౌరవ్వ మీద విరుచుకుపడ్డాడు.

ఆమె నేల మీద కూలబడింది. “బిడ్డ కాలేజీల సదువుతుంది అయ్యా. పొట్ట కొట్టకు.”

సుధాకరరావు అడ్డం వచ్చాడు. “వదిలేయండి అలీగారూ. మన ఇళ్ళల్లో మెరిస్తేనే శుభ్రం. ఆవిడకేం తెలుసు పాపం? నా మీద ఏమాత్రం గౌరవమున్నా ఆవిణ్ణి పంపకండి.”

“నష్టం మీక్కూడా కదా! మీ మాట రుజువయ్యేది.”

“పోనివ్వండి.”

అలీ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి జపాన్‌కు ఫోన్ చేసి నిపుణుణ్ణి రావద్దన్నాడు. గౌరవ్వను పనిలోకి పొమ్మన్నాడు.

“దేవునోలె వచ్చినవు సారూ!” ఆమె సుధాకరరావు కాళ్ళ మీద పడబోయింది.

ఆయన చప్పున వెనక్కి జరిగాడు. కళ్ళు చెమర్చాయి. “నేనే నీకు దణ్ణం పెట్టాలమ్మా.”

“ఎంత పెద్ద మనసండీ మీది!” అన్నాడు అలీ.

ఆ పేరు చెక్కిందీ, దానికి తుప్పు పట్టించిందీ సుధాకరరావే.