నల్లరాతి మీద నాలుగు గడులు

గుడ్డ తియ్యగానే హెడ్మాస్టరు పాక్ దాదాన్ రాయి మీదకి వంగి చూశాడు. బడి గేటుకి పెట్టాల్సిన నల్లరాయి అది. బడి పెట్టిన సంవత్సరం ఉండాల్సిన చోట, జావాలోని సుందా లిపిలో అంకెలకి అటూ ఇటూ గీసే నిలువు గీతలు రెండూ ఉన్నాయి. నడుమ మాత్రం నాలుగు ఖాళీ గడులు.

"ఇవేం అంకెలు, బు ఎలిస్?"

సుందా లిపి చెప్పే పంతులమ్మ ఎలిస్‌కి చూడగానే సంగతి అర్థమైంది. 1926 అని సుందా అంకెల్లో తనే కంప్యూటర్లో కొట్టి పంపింది. ప్రింటు తీసిన కొట్లో కంప్యూటరుకి ఆ లిపి తెలీదు. తెలియని అంకెకల్లా ఒక గడి గీసి ఊరుకుంది. చెక్కేముందు శిల్పి మాంగ్ కర్సా ఆ కాగితం తెచ్చి చూపిస్తే, మోటార్‌సైకిల్ దిగకుండానే "సరే, చెక్కెయ్యండి" అనేసింది కూడా.

ఇంకో గంటలో గరుత్ పట్నం నుంచి పెద్దలొస్తారు. నూరేళ్ల పండుగ. ఊరంతా అక్కడే ఉంది.

"నేను పంపింది సరిగ్గానే ఉంది," అంది ఎలిస్. "చెక్కడంలోనే ఏదో..."

అబద్ధం నోరు దాటగానే ఆవిడకి తల కొట్టేసినట్టయింది. వెనక్కి తీసుకునే ధైర్యం మాత్రం రాలేదు.

"నలభై ఏళ్ల చెయ్యి అన్నావు కదా, మాంగ్," అన్నాడు దాదాన్. "రేపట్నించి సమాధిరాయి చెక్కమని కూడా నిన్నెవరు పిలుస్తారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కర్సా టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, "తప్పయింది, పాక్," అన్నాడు. కాగితం చూపించిన మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఎలిస్‌కి ఇంత సిగ్గుండేది కాదు.

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

"నాలుగంకెలూ ఒకేలా ఉంటే మీకు అనుమానమైనా రాలేదా, మాంగ్?"

"వచ్చింది, బు," అన్నాడు కర్సా నేల చూస్తూ. "మళ్లీ మిమ్మల్ని విసిగించడమెందుకని మా మనవరాలి నోటుపుస్తకం తీసి చూశాను. మీరు బళ్లో పంచిన కాగితం చూసి, సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ ఈ గడులే గీసుకుంది. కింద ఎర్ర సిరాతో నూటికి నూరు మీరే వేశారు."