పదిహేడో నంబరు జెర్సీ

"ఐస్ హాకీ డ్రాఫ్టులో మా జట్టుకి ముప్పై ఏళ్లు కుర్రాళ్లని ఏరాను గార్త్. నా కన్ను తప్పింది నీ ఒక్కడి విషయంలోనే. మూస్‌జా ఊళ్లో ఆటలో ఒక్కరోజే మూడు గోల్స్ కొట్టినవాడివి, మా జట్టులోకొచ్చాక ఒక్కటీ కొట్టలేదేం?" అడిగాడు ముసలి ఒరెస్ట్.

హాకీ మైదానంలో మంచు చదునుచేసే బండి ఆపి గార్త్ కిందికి దిగాడు.

"మీ కన్ను తప్పలేదు పెద్దాయనా. ఆ మూడూ కొట్టింది అప్పుడు నాతో ఆడిన కెల్విన్. ముక్కు పగిలి వాడి జెర్సీకి రక్తమైంది. రక్తపు జెర్సీతో ఆడనివ్వరుగా! కాలు బెణికి కూర్చున్న నేను నాది విప్పిచ్చాను."

ఒరెస్ట్ పాత నోటుబుక్కు తెరిచాడు. మూస్‌జా ఆట రాసుకున్న పేజీలో పేరు లేదు, "17" అని మాత్రమే ఉంది.

"మరి వాడు ఎవరికీ చెప్పలేదా?"

"డ్రాఫ్టు రోజు టీవీలో నా పేరు పిలిచినప్పుడు నా పక్కనే ఉన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వాడే. ఈ బండి ఆగితే చాలు, ఆ చప్పట్లే వినిపిస్తాయి."

గార్త్ గబగబా బండెక్కి మళ్లీ స్టార్ట్ చేశాడు.