సిగ్నల్ పోయింది

సాయంత్రం నాలుగు దాటింది. ఓడ పై అంతస్తులో త్రినాధరావు సెల్‌ఫోన్‌ని ఆకాశానికి చూపిస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు.

ఒక్క గీత కూడా రావడం లేదు. ఓడలో వైఫై పొద్దుట్నుంచీ పనిచెయ్యడం లేదు.

ఎరువుల కంపెనీ తన అనకాపల్లి డీలర్లని విశాఖ నుంచి చెన్నై దాకా ఓడలో తిప్పి తీసుకొచ్చే టూరు అది. అతనొక్కడే ఆదివారం చెన్నైలో దిగిపోయి విమానంలో తిరిగి రావాలి. అక్క అప్పలకొండమ్మ ఆపరేషన్‌ని సోమవారం పొద్దున్నకి మార్చారని ఓడ ఎక్కే ముందే తెలిసింది. టూరు మానుకోవద్దన్నది ఆవిడే. "ఆ యేళకి నువ్వు నా ఎదురుగా ఉండు తమ్ముడా. నిన్ను సూడకుండా లోపలికెల్లను" అంది.

ఆ విమానానికి ఫోన్లో ముందుగా చెక్-ఇన్ చేసుకోకపోతే, సీట్లు నిండాయని కౌంటర్ దగ్గర ఆపేస్తున్నారు. పోయిన నెల తోటి డీలరు దేవీప్రసాద్‌కి అదే జరిగింది. చెక్-ఇన్ తెరిచేది ఇవాళే, శుక్రవారం నాలుగింటికి. ఓడ రేవు వదిలింది ఒంటిగంటకి. ఇక ఆదివారం దాకా నీళ్ళే.

"ఏ ఊరు బాబూ మనది?"

పక్కన ఒక ముసలాయన. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, ఎండకీ ఉప్పుగాలికీ కమిలిన ఒళ్ళు. ఆ గొంతుకి కుర్చీల్లో కూర్చున్న డీలర్లంతా ఇటు తిరిగారు.

"హైదరాబాదండీ" అన్నాడు త్రినాధరావు.

నీటికి ఆ చివర అతని సొంత జిల్లా కొండలు నీలంగా కనబడుతున్నాయి.

ముసలాయన తన సంగతి చెప్పుకున్నాడు. పేరు ఎర్రిబాబు. నక్కపల్లి దగ్గర సముద్రపొడ్డు పల్లె. కూతురు చిట్టికి ఈ ఓడ వంటగదిలో ఉద్యోగం, నాన్నకి పెద్ద ఓడ చూపిద్దామని ఎక్కించింది. ఫోన్ పాట్లు విని నవ్వి, ఒడ్డు వైపు చెయ్యి చాపాడు.

"ఆ సిన్న కొండ పెద్ద కొండ ముందరికొచ్చి రెండూ ఒకటైపోతాయి సూడండి. అప్పుడొత్తాది సిగ్నలు. పావుగంట ఉంటాది. మేం పడవల్లోంచి ఇంటికి ఫోన్ సేసి కూరొండమనీది అక్కడ్నించే."

పది నిమిషాలకి రెండు కొండలూ కలిశాయి. ఫోన్లో మూడు గీతలు.

త్రినాధరావు గబగబా టికెట్ నంబరు కొట్టాడు. పేరు కొట్టాడు. కిటికీ పక్క సీటు ఎంచుకున్నాడు. తెర మీద తన పేరూ సీటు నంబరూ కనబడగానే ఊపిరి పీల్చుకున్నాడు.

ముసలాయన నడుముకి దోపుకున్న కాగితం తీసి విప్పాడు. అదే విమానం, అదే రోజు.

"నాదీ కొట్టి పెట్టండి బాబూ. నాకు రాదు."

సరిగ్గా అప్పుడే దేవీప్రసాద్ పకోడీల పళ్ళెంతో వచ్చాడు. "ఏటి బావా, కొత్త సుట్టాలా?" అని ముసలాయన యాసని వెక్కిరిస్తూ కన్ను గీటాడు.

త్రినాధరావు చెవులు వేడెక్కాయి. ఏం చేస్తున్నాడో తనకే తెలిసేలోగా ఫోన్ జేబులో పడింది.

"సిగ్నల్ పోయిందండీ."

ముసలాయన జేబు వైపు చూడలేదు. ఒడ్డు వైపు చూశాడు. రెండు కొండలూ ఇంకా ఒకటిగానే ఉన్నాయి.

"పోతే పోయిందిలెండి" అన్నాడు కాగితం మడుచుకుంటూ. "మీదయ్యింది కదా."

గదిలోకి వెళ్ళి ఫోన్ తీస్తే, తెర మీద నొక్కవలసిన ఆఖరి మీట ఒకటి మిగిలిపోయి ఉంది. నొక్కాడు. ఈసారి సిగ్నల్ నిజంగానే లేదు.

రెండు రోజులు తనతో తనే వాదించుకున్నాడు. టైము చాలేది కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి. ప్రతి వాదనలోనూ తనే గెలిచాడు. అయినా భోజనాల హాల్లో ముసలాయన కనబడితే స్తంభం చాటుకి తప్పుకున్నాడు.

చెన్నై విమానాశ్రయంలో ముసలాయన వరసలో నలుగురికి ముందున్నాడు. ఆయనకి సీటు దొరికింది. త్రినాధరావు వంతు వచ్చేసరికి నిండిపోయాయి. పక్కన నిలబడమంది కౌంటర్లో అమ్మాయి.

అక్కకి ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళూ నలుగురిలో దాచుకున్న యాస గొంతు తోసుకుని వచ్చేసింది.

"అప్పా, ఇమానం దొరకలేదే. రైల్లో అనకాపల్లి వచ్చీసరికి రేపు మద్దేన్నమైపోద్ది. నానొచ్చీదాకా ఆగమని సెప్పు డాక్టర్ని."

ఫోన్ దించి తల తిప్పితే వెనకాలే ముసలాయన. నెమ్మదిగా కౌంటర్ వైపు వెళ్ళాడు.

కాసేపటికి ఆ అమ్మాయి త్రినాధరావుని పిలిచింది.

"మీకు సీటు వచ్చింది సార్. ఆ పెద్దాయన తనది మీకిమ్మన్నారు. ఆయనకి ఊళ్ళో పనేమీ లేదట, రైల్లో నిదానంగా వెళ్తారట."

దూరంగా కుర్చీలో కూర్చున్న ముసలాయన, వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యూపాడు. త్రినాధరావు ఆయన దగ్గరికి వెళ్దామనుకున్నాడు. కాళ్ళు మాత్రం గేటు వైపు నడిచాయి.

సోమవారం లోపలికి వెళ్ళేముందు అక్క అతని మొహం చూసి నవ్వింది. ఆ నవ్వు దొంగిలించి తెచ్చుకున్నట్టుంది అతనికి.

పదకొండింటికి, ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారు. ఆసుపత్రి గేటు బయటికి వచ్చాడు. రోజూ అక్కడ చేపలమ్మే ఎరుకమ్మ ఖాళీ తట్ట బోర్లించుకుని కూర్చుంది. రెండు నెలల వేట నిషేధం నిన్నటితో తీరిపోయింది కదా, చేపలేవని ఎవరో అడుగుతున్నారు.

"మా పల్లోళ్ళు ఇంకా ఏటకెల్లలేదు బాబూ" అంటోంది ఎరుకమ్మ. "మా ఊరి పెద్ద ఎర్రిబాబు సెయ్యేసి తోత్తేనే మొదటి పడవ నీళ్ళల్లోకి దిగుద్ది. ఆయనేమో మద్రాసులో ఇమానం సీటు ఎవులికో ఇచ్చేసి రైలెక్కేడంట. తెల్లారగట్ల నించీ నలబై పడవలూ ఒడ్డునే ఆయన కోసం సూత్తన్నాయి."