పట్టాలు లేని బండి

"తిప్పు నాయినా, తిప్పు!" అని సంతోషి పక్కనుంచి అరుస్తూనే ఉంది. ఆమె షేర్ ఆటో నేరేడుచర్ల రోడ్డు మలుపును పట్టించుకోకుండా తిన్నగా వెళ్లి గడ్డివాములో మూతి పెట్టింది.

సంతోషికి నవ్వు ఆగలేదు. "ముప్పై ఏండ్లు రైలు తోలినవ్. గీ ఆటో రాదా?"

"రైలుకు తిప్పుడు ఏడుంటది బిడ్డా? ముందుకు పోవుడు, ఆపుడు, గంతే. మలుపులన్నీ పట్టాలే సూసుకునేటియి," అన్నాడు యేసయ్య, మీసంలో ఇరుక్కున్న గడ్డి దులుపుకుంటూ.

సిమెంటు ఫ్యాక్టరీ సొంత రైలుకు ఆయన డ్రైవరు. సరుకంతా లారీలకెక్కాక కంపెనీ ఆ లైను మూసేసింది. సోమవారం నుంచి కూలీలను గేటు దగ్గర ఎక్కించుకునే బ్యాటరీ బండి నడపమంది. అది నడపడం రాకపోతే ఉద్యోగం ఉండదు.

"భయమైతుందా నాయినా?"

"జర అయితుంది. ఇగ ఎటు పోవాల్నో నేనే సూసుకోవాలె గద."

సంతోషి నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ ఆటోను వెనక్కి నెట్టి మళ్లీ ఎక్కారు. ఈసారి మలుపు దగ్గర పడుతుంటే ఆమె చెయ్యి హ్యాండిల్ మీదికి పోబోయి, ఒళ్లోనే ఆగింది.

ఆటో ఊగింది, కొంచెం ఒరిగింది, రోడ్డు వెంట సాగిపోయింది.

"తిరిగింది బిడ్డా, తిరిగింది!" యేసయ్య రైలు గేటు దగ్గర కొట్టినట్టు పొడుగ్గా హారన్ కొట్టాడు.

"అదేం తిరగలే నాయినా. నువ్వే తిప్పినవ్!"