చెప్పిన ధర

"నొక్కమంటారా బాబాయ్‌గారూ? ఆరు వేలు కడితే ఈ క్షణాన మీదైపోద్ది. వేలం గోలే ఉండదు" అన్నాడు నెట్ సెంటర్ నడిపే కుర్రాడు చైతన్యకృష్ణ, మౌస్ మీద వేలు ఆనించి.

సంజీవరావు కళ్లు కంప్యూటర్ తెరకి అతుక్కుపోయాయి. పాత గ్రామఫోను రికార్డు. నడిమధ్యన ఎర్ర కాగితం మీద ‘మిస్ పిచ్చమ్మ, చీరాల’ అని ఉంది. ఆవిడ ఆయన తల్లి. పెళ్లికి ముందు మద్రాసు వెళ్లి ఆ ఒక్క రికార్డే ఇచ్చింది. కొడుకుని కని పురిట్లోనే పోయింది. అరవై దాటినా తల్లి గొంతు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఆ రికార్డుని ఇప్పుడు కలకత్తాలో ఎవరో పాతసామాన్లవాడు ఇంటర్నెట్లో వేలానికి పెట్టాడు. వేలంలో అయితే ఐదు వందల నుంచి మొదలు. వేలంతో పని లేకుండా ‘బయ్ ఇట్ నౌ’ అనే బటన్ నొక్కితే ఆరు వేలు.

గుంటూరు మిర్చి యార్డులో పేరున్న కమీషన్ వ్యాపారికి ఆరు వేలు ఒక లెక్క కాదు. ఆయన జబ్బల్లా బేరమాడే అలవాటే. తువాలు కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని గుట్టుగా బేరాలాడుతూ జుట్టు నెరిసిపోయింది. అవతలివాడు చెప్పిన ధరకి ఆ చేత్తో ఏనాడూ ఏమీ కొనలేదు.

"ఆగు. చెప్పిన ధరకి కొనేవాణ్ణి మా యార్డులో వెర్రివెంగళప్ప అంటారు. ఐదొందల యాభై అను."

"అమ్మగారి గొంతు దగ్గర కూడా బేరమేనా బాబాయ్‌గారూ?"

"అడగందే అమ్మైనా పెట్టదురా అబ్బాయ్. కొట్టు."

చైతన్యకృష్ణ కొట్టాడు. తెర ఒకసారి మినుక్కుమని మళ్లీ వచ్చింది. రికార్డు బొమ్మ ఉంది గానీ, పక్కన బటన్ లేదు.

"ఏదిరా అది?"

"ఒకరు ధర చెప్పి వేలం మొదలైతే ఇక ఆ బటన్ తీసేస్తారంట. నేనూ ఇప్పుడే చూస్తున్నా." కుర్రాడు నిజంగానే బాధపడ్డాడు. "ఇక వారం రోజులూ పోటీ పడాల్సిందే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సంజీవరావు ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి బ్రాడీపేటలోని ఆ నెట్ సెంటర్‌కి వచ్చి కూర్చునేవాడు. మొదటి రెండు రోజులూ పోటీ లేదు. మూడోనాడు ఎవడో మారుపేరువాడు తగులుకున్నాడు. ఈయన వంద పెంచితే వాడు రెండొందలు పెంచాడు. ధర ఆరు వేలు దాటి తొమ్మిది వేలకి ఎగబాకింది.

"మీ ఆఖరు ధర ఎంతో ఒకేసారి వేసేద్దామా?" అని అడిగాడు చైతన్యకృష్ణ.

"గుప్పిలి విప్పితే బేరం పోయినట్టే." సంజీవరావు గొంతు తగ్గించాడు. "నువ్వు పరాయివాడివి కాదు గనక చెప్తున్నా. అరవై వేలైనా పెడతాను కృష్ణా. కళ్లు మూసేలోగా ఒక్కసారి మా అమ్మ గొంతు వింటే చాలు. ఎవరితోనూ అనకు."

"ఛ, నేనెందుకంటాను బాబాయ్‌గారూ!"

యార్డులో కొనేవాడు సరుకు వంక చూడనట్టే నిలబడతాడు. ఆశ మొహంలో కనబడిందా, ధర చెట్టెక్కుతుంది. అందరికీ ఆ పాఠం చెప్పిన పెద్దమనిషి, తన దగ్గరికి వచ్చేసరికి కడుపులోది కక్కేశాడు. తల్లి కోసం ఏడ్చేవాడికి తెలివి ఎక్కడుంటుంది?

ఆఖరి రోజు. గడువు ఇంకో రెండు నిమిషాలుందనగా సంజీవరావుదే పైధర. అంతలో వాడు ఇంకో వంద పెంచాడు.

"వెయ్యి పెంచు! త్వరగా!"

"సిస్టం హ్యాంగయింది బాబాయ్‌గారూ. కదలట్లేదు. ఉండండి, లోపల వైరు చూసొస్తా." చైతన్యకృష్ణ వెనకగదిలోకి పరుగెత్తాడు. సంజీవరావు మౌస్‌ని పట్టుకుని నీలిపూల రెక్సిన్ పరిచిన బల్లకేసి కొట్టాడు. బాణం గుర్తు బిగుసుకుపోయింది. అది మళ్లీ కదిలేసరికి వేలం ముగిసింది. రికార్డు వేరెవరికో వెళ్లిపోయింది.

ముసలాయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కుర్రాడు మంచినీళ్లిచ్చి వీపు నిమిరాడు. "ఊరుకోండి. ఇలాంటివి మళ్లీ వస్తయ్యి. నేను కనిపెట్టి ఉంటాగా."

నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. "బాబాయ్‌గారూ, అదే రికార్డు! ఈసారి వేలం లేదు. ఒకటే ధర, అరవై వేలు. బొంబాయివాడెవడో."

సంజీవరావు యార్డులో కాటా దగ్గర లారీని, కూలీలను అలాగే వదిలేసి, డబ్బు తువాల్లో చుట్టుకుని ఆటోలో వచ్చిపడ్డాడు.

"ఒకసారి వాడితో మాట్లాడి చూడమంటారా? ఏమైనా తగ్గిస్తాడేమో" అన్నాడు చైతన్యకృష్ణ.

"వద్దు! నీకు దణ్ణం పెడతా, బేరం మాట ఎత్తకు. నొక్కెయ్."

చైతన్యకృష్ణ నొక్కాడు. "అయిపోయింది. పది రోజుల్లో పార్సిల్ వచ్చేస్తది." డబ్బు తువాలు అందుకుని వెనకగదిలోకి వెళ్లాడు.

జీవితంలో మొదటిసారి చెప్పిన ధరకి కొన్నాడు సంజీవరావు. గుండె తేలికైంది. తల్లి పేరు దగ్గరగా చూసుకుందామని, కుర్రాడు చేస్తుండగా చూసి నేర్చుకున్న విద్యే గనక, బొమ్మ మీద తనే నొక్కాడు. ఫొటో తెర నిండా పరుచుకుంది.

ఎర్ర కాగితం మీద అమ్మ పేరు స్పష్టంగా ఉంది. రికార్డు కింద పరిచిన నీలిపూల రెక్సిన్, దాని మీద వేడి టీ గ్లాసు మాడ్చిన గుండ్రటి మచ్చ కూడా అంతే స్పష్టంగా, ఇప్పుడు తన మోచేతుల కింద ఈ బల్ల మీద ఉన్నట్టే ఉన్నాయి.