ఒకటో నంబరు

ఫోల్క్‌మార్‌కి ఇరవై ఆరేళ్లుగా ఒకటే పిచ్చి. క్వాస్ట్ కంపెనీ తయారుచేసిన ఒకటో నంబరు సింథసైజర్, అదే, కరెంటుతో పలికే మెట్ల వాయిద్యం, తనకు కావాలి.

హాగెన్ ఊళ్లో ఒక కారు షెడ్డులో క్వాస్ట్ దంపతులు మొదలుపెట్టిన కంపెనీ అది. మూతపడి చాలా కాలమైంది. వాళ్లు చేసిన ప్రతి వాయిద్యం మీదా చిన్న ఇత్తడి రేకు, దాని మీద ఒక నంబరు ఉంటాయి. ఫోల్క్‌మార్ ఇంట్లో అలాంటివి ఆరున్నాయి. అయినా ఒకటో నంబరు లేని ఆ గది అతనికి ఉప్పు లేని కూరలా ఉండేది. దానికోసం జపాను దాకా వెళ్లొచ్చాడు. ఉన్న వ్యానూ అమ్మేశాడు.

"పెళ్లాం పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఆ డబ్బాల నంబర్లన్నీ నోటికొచ్చు!" అని సాధిస్తూనే భార్య గుడ్రున్ ప్లమ్ పళ్ల కేకు కట్టి ఇచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ల క్వాస్ట్ గారు ఎట్టకేలకు కలుస్తానన్నారు మరి. వృద్ధాశ్రమంలో, మూడింటికి, కాఫీ వేళకి.

కేకుతో పాటు ఇంకో కానుకా పట్టుకెళ్లాడు. ఓ పాత క్వాస్ట్ సింథసైజర్ ముందు పలకకి ముళ్లు బిగించి, తనే చేసిన గోడ గడియారం.

పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, వంకరగా ఉన్న ఒక కన్నాన్ని వేలితో తడిమారు.

"ఈ కన్నం మా ఆవిడ ఎర్నా పెట్టింది. డ్రిల్లు జారింది. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు." ఆయన కళ్లు చెమర్చాయి. "మిగతాది ఏదయ్యా?"

కానుక నచ్చిందని ఫోల్క్‌మార్ పొంగిపోయాడు.

"ఉత్త తుక్కండీ! లోపలి సామాను పీకి మిగతావాటికి వేసుకున్నా. చెక్కపెట్టె పొయ్యిలోకి పోయింది. రేకు చూడండి, మూడు వందల ఒకటి. మూడు వందలు దాటినవి ఎవడిక్కావాలి?"

పెద్దాయన కేకు పళ్లెం పక్కకి జరిపారు.

"మీ కాళ్లు పట్టుకుంటా, ఆ ఒకటో నంబరు ఎవరి దగ్గరుందో చెప్పండి. ఇల్లమ్మైనా కొంటాను."

క్వాస్ట్ గారు ఇత్తడి రేకుని బొటనవేలితో రుద్దారు. గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"ఒకటి అని కొడితే షెడ్డు సరుకని ఎవడూ కొనడని, మొట్టమొదటి దానికే మూడు వందల ఒకటి కొట్టాం నాయనా."