కీచురాళ్ల శబ్దం

"పిచ్ మెల్లగ పెంచుండ్రి అంకుల్," అంది పక్కింటి స్వీటీ.

చర్చిలో క్రిస్మస్ నాటకానికి కీచురాళ్ల శబ్దం కావాలి. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆనందరావు దాన్ని సింథసైజర్ సాఫ్ట్‌వేర్‌తో పుట్టించడం ఆమె దగ్గర నేర్చుకుంటున్నాడు.

మౌస్‌తో తెరమీది శ్రుతి పెంచే మీటను పైకి జరిపాడు. శబ్దం సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

"బందైంది బిడ్డా. సాఫ్ట్‌వేర్ ఖరాబైందా ఏంది?"

స్వీటీ రెండు చెవులూ మూసుకుని ఉంది. వంటింట్లోంచి భార్య మాణిక్యమ్మ అరిచింది: "బంద్ చెయ్యుండ్రి, చెవులు పగులుతున్నయ్!"

స్వీటీ గబగబా స్పీకర్ కట్టేసింది. "ఫ్యాక్టరీల ఏం పని చేసిండ్రు అంకుల్?"

"రేకులు కొట్టే మిషన్ మీద, ముప్పై ఏండ్లు..." ఆనందరావు చేత్తో చెవి తడుముకున్నాడు. "గట్లయితే, నెల సంది నేను చేసిన సప్పుళ్లు?"

"మస్తున్నయ్," అంది స్వీటీ, తెరవైపే చూస్తూ.

"పాస్టరుగారికి చెప్పు బిడ్డా, ఇంకెవర్నన్న చూస్కొమ్మని."